అసమీకరణాల చరిత్ర: గుర్తు నుంచి సంఖ్యారేఖ వరకు

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- అసమానతను తెలిపే గుర్తులు ఎప్పుడు, ఏ అవసరం వల్ల వచ్చాయో వివరించగలుగుతారు.
- ఋణ సంఖ్యతో గుణించినప్పుడు అసమానత గుర్తు ఎందుకు తిరగబడుతుందో కారణంతో సహా చెప్పగలుగుతారు.
- ఒక చలరాశి గల అసమీకరణం సాధనను సంఖ్యారేఖ మీద, అంతరం రూపంలో చూపగలుగుతారు.

5.1 పరిచయం

మీరు నోట్సు జెరాక్స్ తీయించుకోవడానికి 200 రూపాయలతో షాపుకు వెళ్ళారనుకుందాం. పేజీకి 2 రూపాయలు, బైండింగుకు 40 రూపాయలు. ఎన్ని పేజీలు తీయించుకోవచ్చు? పేజీల సంఖ్యను 'య' అనుకుంటే, 2య + 40 ≤ 200 అవుతుంది. రెండు వైపులా 40 తీసివేసి, 2తో భాగిస్తే య ≤ 80 వస్తుంది. 80 పేజీలకు డబ్బు సరిపోతుంది. 79కీ సరిపోతుంది, 10కీ సరిపోతుంది. సమీకరణానికి జవాబు సాధారణంగా ఒకటి రెండు సంఖ్యలు. అసమీకరణానికి జవాబు చాలాసార్లు ఒక సంఖ్యల సమూహం. దీనినే సాధన సమితి అంటాం. ఈ సమితిని ఒక్క చూపులో కళ్ళకు కట్టేది సంఖ్యారేఖ.

ఇదే పద్ధతిలో −2య < 6 అనే అసమీకరణాన్ని సాధిస్తే య > −3 వస్తుంది. ఇక్కడ గుర్తు తిరగబడింది. "ఋణ సంఖ్యతో గుణించినా, భాగించినా గుర్తు తిప్పాలి" అనే నియమాన్ని మనలో చాలామంది పాఠశాలలోనే కంఠస్థం చేశాం. కారణం అడిగితే మాత్రం తడబడతాం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఈ ఒక్క విషయం దగ్గరే యూరప్‌లోని గొప్ప గణితవేత్తలు సైతం పదిహేడో శతాబ్దంలో తడబడ్డారు. వారు ఎక్కడ చిక్కుకున్నారో, ఆ చిక్కు ఎలా విడిపోయిందో తెలిస్తే నియమం వెనుక ఉన్న కారణం దానంతట అదే బోధపడుతుంది. ఈ భాగం ఉద్దేశం అదే.

అవ్యక్త రాశికి 'య' అనే అక్షరం వాడడానికి ఒక కారణం ఉంది. మన ప్రాచీన బీజగణితంలో తెలియని రాశిని 'యావత్తావత్' అనేవారు. ఎంతైతే అంత అని దాని అర్థం. రాసేటప్పుడు క్లుప్తంగా 'యా' అని రాసేవారు. ఈ భాగంలో మనం ఆ సంప్రదాయానికి దగ్గరగా ఉండే అక్షరాన్నే వాడుకుందాం.

5.2 గుర్తులు లేని కాలం

ఎక్కువ, తక్కువ అనే భావన ఎంతో పాతది. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ రచించిన 'ఎలిమెంట్స్' గ్రంథం ఆరంభంలోనే, మొత్తం దాని భాగం కంటే పెద్దది అనే సామాన్య భావన కనిపిస్తుంది. మొదటి సంపుటం 20వ ప్రతిపాదనలో, త్రిభుజంలో ఏ రెండు భుజాలు కలిపినా మూడవ భుజం కంటే ఎక్కువే అని యూక్లిడ్ నిరూపించాడు. గాడిదకు కూడా తెలిసిన ఈ విషయాన్ని నిరూపించడం ఎందుకని ఎపిక్యూరస్ అనుయాయులు ఎగతాళి చేశారని, క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందిన వ్యాఖ్యాత ప్రోక్లస్ తెలిపాడు. గడ్డి ఒక మూలన ఉంటే గాడిద అడ్డదారినే పోతుంది కదా అని వారి వాదన. ఒక విషయం నిజమని తెలియడం వేరు, అది ఎందుకు నిజమో తెలియడం వేరు అని ప్రోక్లస్ సమాధానం సారాంశం.

అసమానతను ఒక పనిముట్టుగా వాడినవారిలో ఆర్కిమెడిస్ అగ్రగణ్యుడు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆయన ఒక వృత్తం లోపల, వెలుపల 96 భుజాల బహుభుజులను ఊహించి, వాటి చుట్టుకొలతలను లెక్కగట్టాడు. వృత్త పరిధి ఆ రెండింటి మధ్య ఉండక తప్పదు. నేటి గుర్తులలో ఆయన ఫలితం ఇది:

223/71 < పై < 22/7

పాఠశాలలో మనం పై విలువగా వాడిన 22/7, నిజానికి పై విలువకు ఎగువ హద్దు మాత్రమేనని గమనించండి. క్రీ.శ. 499లో ఆర్యభటుడు 62832/20000 అనే విలువను, అంటే 3.1416ను ఇచ్చి, అది 'ఆసన్నం' అన్నాడు. దగ్గరి విలువ అని అర్థం. ఆర్యభటుని విలువ చాలా దగ్గరిది. ఆర్కిమెడిస్ ఫలితం అంత దగ్గరిది కాకపోయినా, అసలు విలువ ఏ రెండు సంఖ్యల మధ్య ఉందో కచ్చితంగా చెబుతుంది. అసమానత ఇచ్చే లాభం ఇదే: పూర్తి విలువ తెలియకపోయినా, తెలిసినంత వరకు తిరుగులేకుండా చెప్పవచ్చు.

అయితే ఈ ఫలితాలన్నీ మాటలలోనే ఉండేవి. ఎక్కువ, తక్కువ, మించినది, మించనిది అంటూ వాక్యాలు రాయవలసి వచ్చేది. మాటలతో రాసిన అసమానతను అర్థం చేసుకోవచ్చు గాని, ఒక్కొక్క మెట్టుగా సూక్ష్మీకరించడం కష్టం.

5.3 గుర్తులు పుట్టిన శతాబ్దం

సమాన చిహ్నాన్ని 1557లో వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ తన గ్రంథంలో తొలిసారి అచ్చు వేయించాడు. రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి మరేవీ ఉండవన్నది ఆయన చెప్పిన కారణం. ఎక్కువ, తక్కువలకు గుర్తులు అచ్చులోకి రావడానికి మరో 74 సంవత్సరాలు పట్టింది.

థామస్ హారియట్ (1560-1621) ఆంగ్ల గణితవేత్త. 1585లో వర్జీనియా తీరానికి వెళ్ళిన బృందంలో ఉన్నాడు. బీజగణితంలో విస్తారంగా రాశాడు కాని, తన జీవితకాలంలో ఆ రచనలను ప్రచురించలేదు. ఆయన మరణించిన పది సంవత్సరాలకు, 1631లో, ఆయన రాతప్రతుల ఆధారంగా 'ఆర్టిస్ అనలిటికే ప్రాక్సిస్' అనే లాటిన్ గ్రంథం లండన్‌లో వెలువడింది. < , > గుర్తులు అందులోనే తొలిసారి అచ్చయ్యాయి. ఒక సమీకరణానికి ఎన్ని మూలాలు ఉండగలవో నిర్ణయించడానికి ఆ గ్రంథంలో అసమానతలు ఉపయోగపడ్డాయి.

అదే 1631లో విలియం ఆట్రెడ్ కూడా తన బీజగణిత గ్రంథంలో ఎక్కువ, తక్కువలకు వేరే గుర్తులు వాడాడు. చాలాకాలం రెండు రకాలూ పక్కపక్కనే సాగాయి. ఆట్రెడ్ గుర్తులు ఒకదానినొకటి పోలి ఉండి తికమక పెట్టేవి. హారియట్ గ్రంథంలోని గుర్తు విశాలమైన వైపు పెద్ద రాశి, మొన వైపు చిన్న రాశి ఉంటాయి. చూడగానే అర్థమయ్యే ఈ గుర్తులే చివరికి నిలిచాయి. 1734లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగేర్ ఈ గుర్తుల కింద సమాన చిహ్నాన్ని చేర్చాడు. నేడు మనం ≤ , ≥ అని ఒకే గీతతో రాసేవి వాటి సంక్షిప్త రూపాలే.

గుర్తులు వచ్చినంత మాత్రాన కథ ముగియలేదు. 1631 నాటి ఆ ముద్రిత గ్రంథం ఋణ మూలాలను పక్కన పెట్టింది. అన్ని రాశులూ ధనాత్మకమైతే గుర్తు తిప్పవలసిన పరిస్థితి దాదాపు రాదు. అసలు చిక్కు ఋణ సంఖ్యలతో మొదలైంది.

5.4 ఋణ సంఖ్యల చిక్కు

5.4.1 భారతీయ గణితంలో

మనం నేటికీ వాడుతున్న ధన సంఖ్య, ఋణ సంఖ్య అనే మాటలలో ఆస్తి, అప్పు అనే అర్థాలున్నాయి. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం'లో ధనం, ఋణం, శూన్యాలకు కూడిక, తీసివేత, గుణకారాల నియమాలు స్పష్టంగా చెప్పాడు. రెండు ఋణాల లబ్ధం ధనం, ధన ఋణాల లబ్ధం ఋణం అన్న నియమం అక్కడ ఉంది.

క్రీ.శ. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు 'బీజగణితం'లో ఇచ్చిన ఒక లెక్కను చూద్దాం. ఒక కోతుల గుంపులో ఐదో వంతు నుంచి మూడు తీసివేసి, వచ్చిన దానిని వర్గం చేస్తే ఎన్నో, అన్ని కోతులు గుహలోకి వెళ్ళాయి. ఒక్క కోతి మాత్రం కొమ్మ మీద కనిపించింది. మొత్తం ఎన్ని కోతులు?

(య/5 − 3)² + 1 = య

దీనిని సూక్ష్మీకరిస్తే య² − 55య + 250 = 0. మూలాలు 50, 5. సరిచూడండి: 50లో ఐదో వంతు 10, అందులోంచి 3 పోతే 7, దాని వర్గం 49, ఒకటి కలిపితే 50. 5లో ఐదో వంతు 1, అందులోంచి 3 పోతే −2, వర్గం 4, ఒకటి కలిపితే 5. సమీకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. భాస్కరుడు మాత్రం 5ను స్వీకరించలేదు. కోతుల సంఖ్య విషయంలో ఋణ రాశిని లోకం అంగీకరించదని ఆయన కారణం.

ఈ తిరస్కారంలో ఒక అసమీకరణం దాగి ఉంది. య/5 − 3 అనేది ధనాత్మకం కావాలి. అంటే య/5 > 3, కనుక య > 15. ఈ షరతు 50కి సరిపోతుంది, 5కు సరిపోదు. నేటి విద్యార్థి సమీకరణం పక్కన "య > 15" అని ఒక షరతు రాస్తాడు. ఆనాడు ఆ షరతు మాటగా, వివేకంగా ఉండేది.

5.4.2 ఆర్నో అభ్యంతరం

యూరప్‌లో ఋణ సంఖ్యల పట్ల అనుమానం చాలాకాలం సాగింది. ఫ్రెంచి తత్వవేత్త ఆంత్వాన్ ఆర్నో 1667లో ప్రచురించిన జ్యామితి గ్రంథంలో ఒక పదునైన ప్రశ్న వేశాడు. −1కి 1తో ఉన్న నిష్పత్తి, 1కి −1తో ఉన్న నిష్పత్తి సమానమని బీజగణితం అంటుంది. రెండూ −1కే సమానం. కాని −1 చిన్నది, 1 పెద్దది. చిన్నదానికి పెద్దదానితో ఉన్న నిష్పత్తి, పెద్దదానికి చిన్నదానితో ఉన్న నిష్పత్తికి ఎలా సమానమవుతుంది?

ఈ ప్రశ్న మీద చర్చ కొన్ని దశాబ్దాలు సాగింది. 1712లో లైబ్నిట్జ్ సైతం అభ్యంతరంలో న్యాయం ఉందని ఒప్పుకుంటూనే, అలాంటి నిష్పత్తులతో లెక్కలు చేయడం ఉపయోగకరమే అన్నాడు. ఇంగ్లండ్‌లో 1758లో ఫ్రాన్సిస్ మాజెరెస్, 1796లో విలియం ఫ్రెండ్ ఋణ సంఖ్యలను బీజగణితం నుంచి తొలగించాలని పుస్తకాలే రాశారు.

ఆర్నో ప్రశ్నను ఇప్పుడు మనం విడదీద్దాం. −1, 1 అనే రెండు సంఖ్యలను తీసుకుని, రెండింటినీ −1తో గుణించండి. అవి వరుసగా 1, −1 అవుతాయి. రెండింటినీ ఒకే సంఖ్యతో గుణించాం కనుక నిష్పత్తి మారలేదు. కాని మొదట చిన్నదిగా ఉన్నది ఇప్పుడు పెద్దదయింది. −1 < 1 కాస్తా 1 > −1 అయింది. ఋణ సంఖ్యతో గుణిస్తే నిష్పత్తి నిలుస్తుంది, క్రమం తిరగబడుతుంది. ఆర్నోకు వైరుధ్యంగా కనిపించినదే మనం కంఠస్థం చేసిన నియమం. "చిన్నదానికి పెద్దదానితో గల నిష్పత్తి ఎప్పుడూ తక్కువే" అన్న సూత్రం ధన సంఖ్యలకు మాత్రమే చెల్లుతుంది. ఆ హద్దును గుర్తించకపోవడం వల్లనే చిక్కు ఏర్పడింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. 22/7 పై విలువకు ఎగువ హద్దా, దిగువ హద్దా?
2. < , > గుర్తులు తొలిసారి అచ్చయిన సంవత్సరం ఏది?
3. 2 < 5 అనే అసమానతను −3తో గుణిస్తే ఏమి వస్తుంది?

5.5 వాలిస్ బాటసారి, సంఖ్యారేఖ

క్రమం తిరగబడడాన్ని కంటితో చూడాలంటే సంఖ్యలను ఒక గీత మీద నిలపాలి. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ వాలిస్ 1685లో ప్రచురించిన బీజగణిత గ్రంథంలో ఈ పని చేశాడు. ఒక మనిషి బయలుదేరిన చోటు నుంచి 5 గజాలు ముందుకు నడిచాడు. తరువాత 8 గజాలు వెనక్కి వచ్చాడు. మొత్తం మీద ఎంత ముందుకు పోయాడు? 5 − 8 = −3. బయలుదేరిన చోటుకు 3 గజాలు వెనుక ఉన్నాడు. శూన్యం కంటే తక్కువ రాశి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఇది చక్కని జవాబు. ఋణ సంఖ్య అంటే లేనిది కాదు, సున్నకు అవతలి వైపు ఉన్న స్థానం.

ఈ గీత మీద "చిన్నది" అంటే "ఎడమ వైపున్నది" అని అర్థం. −5 < −2 ఎందుకంటే −5 మరింత ఎడమన ఉంది. ఒక సంఖ్యను −1తో గుణించడమంటే, సున్న దగ్గర అద్దం పెట్టినట్లు దానిని అవతలి వైపుకు మార్చడం. అద్దంలో ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. 2, 5లలో 2 ఎడమన ఉంది. అవతలి వైపు −2, −5లలో −2 కుడివైపుకు వచ్చింది. గుర్తు తిరగబడడానికి కారణం ఇదే.

బీజగణిత రీతిలో కూడా దీనిని రాబట్టవచ్చు. 7 − 2య ≤ 13 అనే అసమీకరణాన్ని రెండు విధాలుగా సాధిద్దాం.

మొదటి విధానం: రెండు వైపులా 7 తీసివేస్తే −2య ≤ 6. −2తో భాగించి గుర్తు తిప్పితే య ≥ −3.

రెండవ విధానం: రెండు వైపులా 2య కలిపితే 7 ≤ 13 + 2య. రెండు వైపులా 13 తీసివేస్తే −6 ≤ 2య. 2తో భాగిస్తే −3 ≤ య.

రెండవ విధానంలో ఋణ సంఖ్యతో గుణించనూ లేదు, భాగించనూ లేదు. అయినా జవాబు అదే. −3 ≤ య అన్నా, య ≥ −3 అన్నా ఒకటే. పరీక్ష హాలులో నియమం మీద అనుమానం వస్తే, చలరాశి గల పదాన్ని రెండో వైపుకు చేర్చి సరిచూసుకోండి.

ఈ సాధనను సంఖ్యారేఖ మీద ఇలా చూపుతాం:

పటం 5.1: య ≥ −3
── −5 ── −4 ── ● −3 ━━ −2 ━━ −1 ━━ 0 ━━ 1 ━━▶

−3 సాధనలో భాగం కనుక అక్కడ నిండు వృత్తం ఉంచాం. అసమీకరణం య > −3 అయి ఉంటే ఖాళీ వృత్తం (○) ఉంచేవాళ్ళం. అంతరం రూపంలో మొదటిది [−3, ∞), రెండవది (−3, ∞). చదరపు బ్రాకెట్ అంచు సంఖ్య చేరిందని, గుండ్రని బ్రాకెట్ చేరలేదని తెలుపుతాయి. ∞ ఒక సంఖ్య కాదు కనుక దాని పక్కన ఎప్పుడూ గుండ్రని బ్రాకెట్టే ఉంటుంది. ఆర్కిమెడిస్ ఫలితాన్ని ఇదే పద్ధతిలో గీస్తే, 223/71 వద్ద, 22/7 వద్ద ఖాళీ వృత్తాలుంటాయి. పై వాటి మధ్య ఎక్కడో ఉంటుంది.

చలరాశి ఏ రకం సంఖ్యో కూడా చూడాలి. పరిచయంలోని జెరాక్స్ లెక్కలో య పేజీల సంఖ్య. అది 0, 1, 2, ..., 80 మాత్రమే కాగలదు. దాని రేఖాచిత్రం ముదురు గీత కాదు, విడివిడి చుక్కల వరుస.

5.6 అనంతం కంటే పెద్దదా?

ఇదే వాలిస్ 1656లో ప్రచురించిన 'అరిత్మెటికా ఇన్ఫినిటోరమ్' గ్రంథంలో ఒక విచిత్రమైన వాదన చేశాడు. 1/3, 1/2, 1/1 వరుసలో హారం తగ్గుతున్న కొద్దీ విలువ పెరుగుతుంది. హారం సున్న అయితే విలువ అనంతం. హారం ఇంకా తగ్గి ఋణ సంఖ్య అయితే, విలువ అనంతం కంటే ఎక్కువ కావాలి కదా అన్నాడు. హారం తగ్గితే విలువ పెరుగుతుందన్న నియమం సున్నకు ఒకే వైపున చెల్లుతుంది. సున్నను దాటగానే అది వర్తించదు. 1/(−1) విలువ −1. అది అనంతం కంటే ఎక్కువ కాదు సరికదా, సున్న కంటే తక్కువ.

సంఖ్యారేఖను అంత చక్కగా వివరించిన వ్యక్తే అంతకు 29 సంవత్సరాల ముందు ఈ వాదన చేశాడు. మన జవాబు పత్రాలలోనూ ఇదే పొరపాటు వేరే రూపంలో కనిపిస్తుంది. 1/య < 1 సాధించమంటే, వెంటనే రెండు వైపులా 'య'తో గుణించి 1 < య అని రాసి ముగిస్తారు. 'య' ధనమో ఋణమో తెలియకుండా దానితో గుణించకూడదు. సరైన సాధన ఇది:

సందర్భం 1: య > 0 అయితే గుర్తు మారదు. 1 < య, అంటే య > 1.

సందర్భం 2: య < 0 అయితే గుర్తు తిరగబడుతుంది. 1 > య. ప్రతి ఋణ సంఖ్యా దీనిని తృప్తిపరుస్తుంది. కనుక య < 0.

య = 0 అయితే 1/యకు అర్థం లేదు. కనుక సాధన: య < 0 లేదా య > 1.

పటం 5.2: 1/య < 1
◀━━ −2 ━━ −1 ━━ ○ 0 ──── ○ 1 ━━ 2 ━━▶

మొదటి పద్ధతిలో ముగించినవారు ఋణ సంఖ్యలన్నిటినీ పోగొట్టుకున్నారు. −2ను ప్రతిక్షేపించి చూడండి: −1/2 < 1 నిజమే. సంఖ్యారేఖ మీద ప్రతి భాగం నుంచీ ఒక్కొక్క సంఖ్యను తీసుకుని ఇలా పరీక్షిస్తే పొరపాటు వెంటనే బయటపడుతుంది.

5.7 అంచు వద్ద ఏముంది?

1821లో ఫ్రెంచి గణితవేత్త కోషీ తన ప్రసిద్ధ విశ్లేషణ గ్రంథానికి అనుబంధంగా, < , > గుర్తుల వాడకం నుంచి వచ్చే సూత్రాల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం చేర్చాడు. అప్పటికి అసమానతలు గణిత విశ్లేషణకు ప్రధాన సాధనాలయ్యాయి. అయితే ఒక ప్రశ్న మిగిలింది. సాధనగా వచ్చిన ముదురు గీత చివర ఖాళీ వృత్తమో, నిండు వృత్తమో పెడుతున్నాం. ఆ చోట నిజంగా ఒక సంఖ్య ఉందా?

య² < 2 అనే అసమీకరణాన్ని అకరణీయ సంఖ్యలలో మాత్రమే సాధిద్దాం. 1.4 వర్గం 1.96, సరిపోతుంది. 1.41 వర్గం 1.9881, సరిపోతుంది. 1.42 వర్గం 2.0164, దాటిపోయింది. ఇలా ఎంత దగ్గరకు వెళ్ళినా, సరిగ్గా అంచు మీద అకరణీయ సంఖ్య ఏదీ లేదు. వృత్తం పెట్టడానికి చోటే లేదన్నమాట.

జర్మన్ గణితవేత్త రిచర్డ్ డెడెకిండ్ 1858లో జూరిచ్‌లో పాఠాలు చెబుతున్నప్పుడు, సంఖ్యల అవిచ్ఛిన్నతకు సరైన పునాది లేదని గుర్తించాడు. 1872లో ప్రచురించిన చిన్న పుస్తకంలో ఆయన చూపిన మార్గం పూర్తిగా అసమానత మీదే ఆధారపడింది. అకరణీయ సంఖ్యలన్నిటినీ రెండు తరగతులుగా చేయండి. మొదటి తరగతిలోని ప్రతి సంఖ్య రెండవ తరగతిలోని ప్రతి సంఖ్య కంటే తక్కువ కావాలి. ఇలాంటి ప్రతి విభజనా ఒక వాస్తవ సంఖ్యను నిర్ణయిస్తుంది. ఇలా నిర్ణయమైన సంఖ్యలలో √2 ఒకటి. అప్పుడు య² < 2 సాధన −√2 < య < √2 అవుతుంది. రెండు అంచుల వద్దా ఖాళీ వృత్తాలు పెట్టడానికి నిజమైన బిందువులు ఉంటాయి. ఒకప్పుడు సంఖ్యలను పోల్చడానికి వాడిన అసమానత, ఇప్పుడు సంఖ్యలను నిర్వచించడానికే పనికొచ్చింది.

ఒక చలరాశితో మొదలైన ఈ విద్య తరువాత అనేక చలరాశులకు విస్తరించింది. 1820లలో ఫోరియర్ రేఖీయ అసమీకరణాల వ్యవస్థలను పరిశీలించాడు. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి ఇలాంటి వ్యవస్థల మీదే నిర్మితమైంది. దానిని మీరు రేఖీయ ప్రణాళికలో చదువుతారు.

5.8 సారాంశం

అసమానత భావన ప్రాచీనమైనది. గుర్తులు 1631లో అచ్చయ్యాయి. ధన సంఖ్యలకు చెల్లే నియమాలను ఋణ సంఖ్యలకు అలాగే వర్తింపజేయడం వల్ల ఆర్నో, వాలిస్ వంటివారు చిక్కులలో పడ్డారు. సంఖ్యలను రేఖ మీద నిలిపి, చిన్నది అంటే ఎడమ వైపున్నది అని గ్రహిస్తే ఆ చిక్కులు విడిపోతాయి. రేఖ మీద ప్రతి అంచు వద్ద ఒక సంఖ్య ఉందన్న హామీని డెడెకిండ్ 1872లో ఇచ్చాడు. దూరవిద్యలో సందేహం వచ్చిన ప్రతిసారీ పక్కన ఉపాధ్యాయుడు ఉండడు. నియమం మరచిపోయినా, కారణం గుర్తుంటే నియమాన్ని మీరే తిరిగి రాబట్టుకోవచ్చు.

5.9 'మీ ప్రగతిని సరిచూసుకోండి' సమాధానాలు

1. ఎగువ హద్దు.
2. 1631.
3. −6 > −15.

5.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఋణ సంఖ్యల క్రమం గురించి ఆర్నో లేవనెత్తిన అభ్యంతరాన్ని వివరించి, దానికి సమాధానం చెప్పండి.
2. సంఖ్యారేఖ భావన అసమీకరణాల సాధనకు ఎలా తోడ్పడిందో వాలిస్, డెడెకిండ్‌ల కృషి ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. భాస్కరాచార్యుని కోతుల లెక్కలో దాగి ఉన్న అసమీకరణాన్ని రాసి, ఒక మూలం ఎందుకు తిరస్కృతమైందో తెలపండి.
2. 5 − 3య > 11 సాధనను రెండు విధాలుగా కనుగొని, సంఖ్యారేఖ మీద చూపండి.
3. 2/య ≤ 1 సాధన సమితిని కనుగొని, ఏ అంచు వద్ద నిండు వృత్తం, ఏ అంచు వద్ద ఖాళీ వృత్తం వస్తాయో కారణం రాయండి.